వేర్‌ఫోర్ దగ్గర పోయిన మార్కులు

ఫ్రెండ్స్, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) రాసేవాళ్లకి వొకాబ్, అంటే ఇంగ్లీషు పదాల టెన్షన్ గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నా కథ మాత్రం ఒకే ఒక్క పదం దగ్గర మలుపు తిరిగింది.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఫోన్‌లో మాక్ టెస్ట్ రాస్తున్నా. 'వేర్‌ఫోర్'కి సమానార్థకం అడిగాడు. ఆప్షన్లలో 'వేర్' కనిపించింది, నొక్కేశా. జవాబు 'వై'. రావాల్సిన 2 మార్కులు రాలేదు సరికదా, ఉన్నవాటిలో 0.50 కోత.

నా ధీమా అంతా 'రోమియో అండ్ జూలియట్' మీద. 'వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో' అంటే 'ఎక్కడున్నావు రోమియో' అనే ఇన్నాళ్లూ అనుకున్నా. ఆ రాత్రి రూమ్‌కి వచ్చి సీన్ తీసి చదివితే, వెంటనే తర్వాతి లైనులో మీ నాన్నని కాదను, నీ పేరు వదిలేయ్ అంటోంది జూలియట్. మనిషి కోసం వెతికే పిల్ల పేరు గొడవ ఎందుకు ఎత్తుతుంది? పోయి పోయి మా పగవాళ్ల ఇంటి రోమియోవే ఎందుకయ్యావు అని ఆమె ఏడుపు. 1597లో మొదటిసారి అచ్చయిన నాటకం, ఇప్పటికీ జనాన్ని బోల్తా కొట్టిస్తోంది.

మరి అందులో 'వేర్' ఎందుకుంది? అప్పటి ఇంగ్లీషులో ఇలా అతికిన మాటల్లో 'వేర్' అంటే 'ఏది', 'దేని' అని. దానికి 'ఫర్' కలిస్తే 'దేనికోసం'. ఇది రఫ్ నోట్స్‌లో రాసుకుంటుంటే మన 'ఎందుకు' గుర్తొచ్చి పెన్ను ఆగిపోయింది. పోతన ప్రహ్లాదుడు 'ఎందెందు' అన్నప్పుడు 'ఎందు' అంటే ఎక్కడ అనే కదా! దానికి 'కు' తగిలిస్తే కారణం అడిగే మాటైంది. 'వేర్‌ఫోర్' ఎందుకు, 'దేర్‌ఫోర్' అందుకు. ఇక దీన్ని బట్టీ పట్టాల్సిన పనేముంది?

అక్కడి నుంచి మిగతావాటి మీద పడ్డా. హిదర్, దిదర్, విదర్ అంటే ఇటు, అటు, ఎటు. (హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇధర్, ఉధర్, కిధర్ ఎలాగూ నోట్లో ఉంటాయి. చుట్టరికం కలపకండి, గుర్తు కోసం వాడుకోండి చాలు.) 'హిదర్‌టు' అంటే ఇటు వరకు, అంటే ఇంతవరకు. హెన్స్, దెన్స్, వెన్స్ అంటే ఇక్కడి నుంచి, అక్కడి నుంచి, ఎక్కడి నుంచి. 'నుంచి' లోపలే ఉంది కాబట్టి ఎర్రర్ స్పాటింగ్‌లో (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) 'ఫ్రమ్ వెన్స్' కనిపిస్తే 'ఫ్రమ్' మీద వేలు పెట్టండి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 121వ కీర్తనలో 'ఫ్రమ్ వెన్స్' అనే ఉంది. అయినా మనకి మార్కులు వేసేది ఆన్సర్ కీ, ఎదురు వాదించి లాభం లేదు.

మొన్న పాలిటీ రివిజన్‌లో రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషులో చదువుతుంటే 'హియర్‌బై' తగిలింది. ఎన్నిసార్లు అప్పజెప్పానో ఆ పీఠికని, ఒక్కసారీ ఆ మాట దగ్గర ఆగలేదు. ఈసారి విడగొట్టా. 'హియర్' అంటే ఇందు, 'బై' అంటే మూలంగా. మా ఊళ్లో దండోరా వేసేటప్పుడు డప్పు ఆపి మొదట అనే మాట అదే: ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా...