చింతపండు పెట్టి తోమిన రాణిగారు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో తెలిసిన రైతు ఒకాయన కోతలయ్యాక తన పొలంలోకి రానిస్తాడు. ఆదివారం పొద్దున్నే మెటల్ డిటెక్టర్ పట్టుకుని పోతా. నూటికి తొంభైసార్లు సీసా మూతలు, ట్రాక్టర్ బోల్టులే. పోయినేడు మాత్రం ఒక మట్టిగడ్డ పగలగొడితే మన విక్టోరియా వెండి రూపాయంత బిళ్ళ బయటపడింది. పెన్నీ, అంటే పాత బ్రిటిష్ చిల్లర నాణెం! రాణిగారు జుట్టు ముడేసుకుని ఉంటే 1860 నుంచి 1894 మధ్యదన్నమాట. వాటిని ఇక్కడ బన్ హెడ్ అంటారు, నాకైతే కొప్పు పెన్నీ. వెనకవైపు బ్రిటానియా, అంటే బ్రిటన్‌ని స్త్రీరూపంలో చూపించే బొమ్మ, కూర్చుని ఉంటుంది, ఒక పక్క లైట్‌హౌసు, ఇంకో పక్క ఓడ.

అక్కడే బొటనవేలితో గట్టిగా రుద్దాను. మొదటి తప్పు అది. మట్టిలో ఇసుక ఉంటుంది కదా, గీతలు పడిపోయాయి.

సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, "ఏంట్రా ఆ చిలుము, కాస్త చింతపండు, ఉప్పు పెట్టి తోము, తళతళలాడుతుంది" అంది. తోమాను. నిజంగానే తళతళలాడింది, కొత్త రాగిచెంబులాగా గులాబీరంగులో. కానీ కొప్పు సగం మాయం, లైట్‌హౌసు ఉండాల్సిన చోట చిన్న చిన్న గుంటలు.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఆ ముదురు పొర మురికి కాదు, అది కూడా ఆ నాణేనిదే. పెన్నీ కంచుది, అందులో 95 వంతులు రాగి. నూట యాభై ఏళ్ళు మట్టిలో తడికీ, ఎరువులకీ పైనున్న లోహం మెల్లగా మారిపోయి ఆ పొరవుతుంది, అంకెలూ బొమ్మలూ చాలావరకు అందులోనే నిలబడి ఉంటాయి. పులుపు దాన్ని తినేస్తే కింద మిగిలేది బొమ్మ కాదు, గుంటలు పడ్డ రాగి. చెంబుకైతే పరవాలేదు, దాని మీద చదవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు నేను చేసేది చాలా బోరింగ్ పని. డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మట్టి మెత్తబడ్డాక భూతద్దం కింద టూత్‌పిక్‌తో కొంచెం కొంచెంగా తీస్తా. టూత్‌పిక్ కొన తడికి మెత్తబడుతూ ఉంటుంది, ఒక్క నాణేనికి పది పన్నెండు పుల్లలవుతాయి. రాకపోతే వదిలేస్తా, లాగడాలుండవు. పూర్తిగా ఆరాక రినైసాన్స్ వ్యాక్స్ పల్చగా రాస్తా. ఆ మైనాన్ని తయారుచేసింది బ్రిటిష్ మ్యూజియం వాళ్ళే. ఆలివ్ నూనెలో నెలల తరబడి ముంచి ఉంచేవాళ్ళూ ఉన్నారు, నాకైతే నచ్చదు, నల్లగా జిడ్డోడుతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ ఉంటే మాత్రం అది మామూలు చిలుము కాదు, లోపల ఉప్పు లోహాన్ని తింటోందని. అలాంటి నాణేన్ని తీసి వేరే డబ్బాలో, తడి తగలకుండా పెట్టాలి.

వెండివి కొంచెం నయం. సిక్స్‌పెన్స్, అంటే ఆరు పెన్నీల నాణెం, 1920కి ముందుదైతే నూటికి 92.5 వంతులు వెండి, ఆ ఏడు నుంచి సగానికి తగ్గించారు. నల్లబడిందానికి అల్యూమినియం ఫాయిల్, వేణ్ణీళ్ళు, వంటసోడా చాలు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి, నలుపు పోతున్నట్టే. అదే మూడు వందల ఏళ్ళు దాటిన నాణెమేమో అనిపిస్తే నేనసలు కడగను. జనానికి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ ఆఫీసరు దగ్గరికి మట్టితోనే తీసుకెళ్తా, ఆ మట్టి కూడా వాళ్ళకి పనికొస్తుంది.

"మన ఊళ్ళో కూడా వెతకొచ్చా అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు నాయనా. మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది, భూమిలో పది రూపాయలకి మించిన విలువైంది దొరికితే కలెక్టరుకి చెప్పాలి. పాత కోటల చుట్టూ డిటెక్టర్ తిప్పితే ఇంకా పెద్ద తలనొప్పి.

ఈ గొడవంతా అమ్మకి వివరంగా చెప్పి, పూజగదిలో ఉన్న నాయనమ్మ విక్టోరియా రూపాయి జాగ్రత్త, దాన్ని తోమకు అన్నాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అక్కడికి తీసుకెళ్ళి చూపించింది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి విభూతి పెట్టి తోముతుందట, పెళ్ళయినప్పటి నుంచీ. రూపాయి మెరిసిపోతోంది, రాణిగారికి ముక్కు లేదు.