సిమ్రన్ వాళ్ళమ్మ ఎప్పుడో ఒప్పుకుంది

‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ అనగానే అందరూ ఆఖరి రైలు సీనే చెప్తారు. అమ్రీష్ పురి కూతురి చెయ్యి వదిలేస్తాడు, సిమ్రన్, అంటే కాజోల్, పరిగెడుతుంది, రాజ్, అంటే షారుఖ్, తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపుతాడు. నా లెక్కలో మాత్రం ఆ పెళ్ళి అంతకు చాలా ముందే ఖాయమైపోయింది. పంజాబ్ ఇంట్లో వీళ్ళిద్దరి సంగతి కనిపెట్టిన తల్లి, లజ్జో, నగలు మూటగట్టి తెచ్చి రాజ్ చేతిలో పెట్టి, పిల్లని తీసుకుని వెళ్ళిపొమ్మంటుంది. కన్నతల్లి ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోవడం కాదు, బంగారం కూడా ఇచ్చింది. ఇంకేం కావాలండీ?

రాజ్ ఆ మూట తిరిగి ఇచ్చేస్తాడు. బావూజీ తనంతట తాను అమ్మాయి చెయ్యి నా చేతిలో పెడితేనే తీసుకెళ్తానంటాడు. 1995లో విజయవాడలో మేము చూసినప్పుడు ఇక్కడ హాలంతా చప్పట్లు. ఎంత సంస్కారం అని మా పక్క సీటావిడ కళ్ళొత్తుకుంది. నేనూ చప్పట్లు కొట్టినట్టే గుర్తు. పెళ్ళై, కూతురు పుట్టి, అది ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాక టీవీలో మళ్ళీ చూస్తుంటే మాత్రం ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో అమ్మ సంతకానికి విలువ లేదన్నమాట. గార్డియన్ కాలమ్‌లో నాన్న పేరు ఉంటేనే ఫారం తీసుకుంటారు.

నేను హైస్కూల్లో హిందీ పండిట్‌ని. హిందీ ప్రచార సభ పరీక్షలు వరసగా రాసుకుంటూ వచ్చినా, నాకు నోటికి హిందీ పట్టించింది సినిమాలే. ఎనిమిదో తరగతి పిల్లలకి భూతకాలంలో ‘నే’ ఎక్కడొస్తుందో చెప్పాలంటే ఇప్పటికీ ‘మైనే ప్యార్ కియా’ అని బోర్డు మీద రాస్తాను. సల్మాన్ ఖాన్ మొదటి హిట్టు అంటే పిల్లలు ఆ సూత్రాన్ని ఇక జన్మలో మర్చిపోరు.

ఆ సినిమాలోనూ ఇదే తంతు. 1989 డిసెంబర్ చివర్లో వచ్చింది. తెలుగులో ‘ప్రేమ పావురాలు’గా డబ్ చేస్తే రెండింట్లోనూ సల్మాన్‌కి మన బాలుగారే పాడారు. అందుకే మనవాళ్ళకి అది పరాయి సినిమా అనిపించలేదు. అందులో హీరో ప్రేమ్ వాళ్ళమ్మ, రీమా లాగూ, హీరోయిన్ సుమన్ని కోడలిగా ఎప్పుడో మనసులో అనుకునేసింది. ఏం లాభం? ప్రేమ్ వాళ్ళ నాన్న పాత స్నేహితుణ్ణి పట్టుకుని, మా ఆస్తి చూసి కూతుర్ని ఎరవేశావంటాడు. ఆ మాటతో సుమన్ వాళ్ళ నాన్నకి రోషం వచ్చి, నీ సొంత కష్టంతో నెలలో 2000 రూపాయలు సంపాదించి చూపించమని కుర్రాడికి షరతు పెడతాడు. వాడు లారీ నడుపుతాడు, క్వారీలో రాళ్ళు కొడతాడు. అంతస్తు గురించి మాట్లాడే హిందీ సినిమాల్లో ఇంత కచ్చితంగా ఒక అంకె చెప్పి, ఆ డబ్బు చెమటోడ్చి తెమ్మన్నవి తక్కువ. నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా నచ్చింది అదే. కానీ పందెం ఇద్దరు నాన్నల మధ్య. రీమా లాగూ మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ నిలబడుతుంది.

ఇక ‘కభీ ఖుషీ కభీ గమ్’. 2001. ఆ ఇల్లు చూశారా, ఢిల్లీ అని చెప్పి బయటినుంచి చూపించింది ఇంగ్లాండ్‌లోని వాడెస్‌డన్ మేనర్. అంత ఇంటికి యజమాని అమితాబ్. చాందినీ చౌక్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడని, పెంచుకున్న కొడుకుని గడప దాటిస్తాడు. తల్లి నందిని, అంటే జయా బచ్చన్‌కి ఒక శక్తి ఉంటుంది. కొడుకు ఇంకా హెలికాప్టర్లోంచి దిగకముందే ఆవిడకి తెలిసిపోతుంది, పూజ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఆకాశంలో ఉన్న కొడుకు రాక పసిగట్టగలిగిన మనిషి, పక్కన సోఫాలో కూర్చున్న మొగుడితో ఒక్క మాట అనడానికి ఏళ్ళు పట్టింది. చివర్లో అంటుంది, నా మొగుడు మొగుడే గానీ దేవుడు కాదని తెలిసింది అని. అప్పుడు కూడా మా ఆయన టీవీ ముందు భోరున ఏడ్చారు. అమితాబ్ కోసం! పాపం పెద్దాయన ఎంత నలిగిపోయాడో అని.

ఆ సినిమాలో నందిని కొడుకుకి తోడుగా దాయీజాన్‌ని, అంటే చిన్నప్పటి ఆయాని, పంపుతుంది. ఆ దాయీజాన్ ఎవరో కాదు, ఫరీదా జలాల్, మన లజ్జోనే. లజ్జో పాత్రకి ఆవిడకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. రావాలి కూడా. రైలు సీను పక్కన పెట్టి ఒకసారి లండన్ ఇంట్లో కూతురితో ఆవిడ మాట్లాడే సీను చూడండి. చిన్నప్పుడు ఆడా మగా తేడా లేదని మా నాన్న చెప్పేవాడు, పెద్దయ్యాక అన్నదమ్ముల్ని చదివించాలని నా చదువు మానిపించాడు, నా కూతురికి మాత్రం ఈ గతి పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను, కానీ ఆడదానికి ఒట్టు పెట్టుకునే హక్కు కూడా లేదని అప్పుడు తెలియలేదు, అతన్ని మర్చిపోమ్మా అంటుంది. గొంతు పెంచదు, వెనక హోరు లేదు. ఈ మాటలన్న మనిషే తర్వాత నగల మూట పట్టుకొస్తుంది. అంటే పోయిన ఒట్టుని మళ్ళీ చేతిలోకి తీసుకుందన్నమాట. దాన్నే రాజ్ మర్యాదగా వెనక్కిచ్చేశాడు.

ఇంకో తమాషా చూడండి. అక్కడ డబ్బున్నవాడు రాజ్. సిమ్రన్ వాళ్ళ నాన్న బల్దేవ్ సింగ్ లండన్లో కొట్టు నడుపుకునే మనిషి. ఆ కొట్లోంచి, తలనొప్పి మాత్రలని నమ్మించి, బీరు పట్టుకుపోయిన కుర్రాడు రాజ్. అంతస్తు అటువైపు ఎక్కువున్నా భయం మాత్రం అమ్మాయి తండ్రికే. ఈయన ‘ఊఁ’ అంటే గానీ కోటీశ్వరుడి కొడుక్కి పెళ్ళి కాదు.

అమ్మ మాటకి అస్సలు బలం లేదంటే అదీ కాదు. అమ్మ వద్దంటే మాత్రం బ్రహ్మాండంగా చెల్లుతుంది. బాలచందర్ మన ‘మరోచరిత్ర’ని విశాఖ నుంచి గోవాకి మార్చి 1981లో ‘ఏక్ దూజే కే లియే’ తీశారు గదా. అందులో సప్నా వాళ్ళమ్మ శుభా ఖోటే. కూతురి దగ్గరున్న, ఆ పిల్ల ప్రేమించిన వాసు ఫోటోని కాల్చేస్తుంది. ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆ బూడిదని టీలో కలుపుకుని తల్లి ఎదురుగానే తాగేస్తుంది. నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. ఆ తల్లిని, మీ ఆయన్ని అడిగావా అని ఎవరూ అడగరు. కాదనడానికి ఆవిడకి పూర్తి అధికారం ఉంది. ఔననడానికే లేదు.

మా అమ్మమ్మ వాళ్ళది టంగుటూరు దగ్గర పల్లె. తాతయ్యకి రెండు పొగాకు బ్యారన్లు, అంటే ఆకు కాల్చే కొట్లు, పదిమందిలో మాట. మా చిన్న పిన్ని టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. అక్కడ ఒకతన్ని ఇష్టపడింది. మనవాళ్ళే, కానీ సెంటు భూమి లేదు, అద్దిల్లు. ఆవకాయ కలిపే రోజు వసారాలో పిన్ని ఈ మాట కదిపింది. అమ్మమ్మ మోచేతుల దాకా కారంతోనే ఉండి, నూనె సరిపోయిందో లేదో చూసుకుంటూ, “కుర్రాడు బుద్ధిమంతుడే, చేసుకోవే. మీ నాన్న ముందు మాత్రం నా పేరెత్తకు” అంది. నేను పక్కనే మామిడి ముక్కలు తుడుస్తున్నాను. తర్వాత తాతయ్య ఆ ఏడాది పొగాకు రేటు తెగేదాకా మాట్లాడలేదు. ఆఖరికి తాతయ్య వాళ్ళ అన్నయ్య వచ్చి మంచం మీద కూర్చుని రెండు ముక్కలు చెప్తే సరేనన్నాడు. పెళ్ళిలో అందరూ ఒకటే మాట, పెద్దాయన ఒప్పించాడని. అమ్మమ్మ ఆ టైములో పులిహోర చాలుతుందా లేదా అని వంటవాళ్ళ మీద అరుస్తోంది.

అందుకే నాకు జోయా అఖ్తర్ 2015లో తీసిన ‘దిల్ ధడక్‌నే దో’లో షెఫాలీ షా అంటే గౌరవం. ఓడ మీద పెళ్ళిరోజు పార్టీ. మొగుడు అనిల్ కపూర్ వేరే ఆడవాళ్ళతో కులుకుతుంటే చూసి, ఆవిడ గదిలో అద్దం ముందు కేకు నోట్లో కుక్కుకుంటుంది. ఏడవదు. కుక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ నవ్వు తగిలించుకుని బయటికి పోతుంది. మిగతా సినిమాల్లో అమ్మలు ఏడ్చి మనల్ని ఏడిపిస్తారు, ఈవిడ తిని భయపెట్టింది. అలాగని ఆవిడ మంచిదేం కాదు. కూతురు ప్రియాంక విడాకులంటే ముందు తల్లీ అడ్డమే. చెప్పాను కదా, వద్దనడానికి ఎప్పుడూ పర్మిషన్ ఉంటుంది.

2023లో కరణ్ జోహార్ ‘రాకీ ఔర్ రానీ కీ ప్రేమ్ కహానీ’ తీసి జయా బచ్చన్‌నే మళ్ళీ తెచ్చాడు. ఈసారి ఆవిడే ఇంటికి యజమాని, ధనలక్ష్మి. మిఠాయి వ్యాపారం ఆవిడదే, కొడుకు ఆవిడ మాట జవదాటడు, కోడలు పూనమ్‌కి పాటలంటే ప్రాణం కానీ నోరు విప్పే వీల్లేదు. ఇరవై రెండేళ్ళ కిందట నోరు మెదపలేని నందిని, ఇప్పుడు పక్కవాళ్ళ నోళ్ళు మూయిస్తోంది. అందరూ ధనలక్ష్మిని తిట్టుకున్నారు. నాకు నందిని కన్నా ఈవిడే నచ్చింది. కనీసం ఆ ఇంట్లో ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలో అందరికీ తెలుసు, చాటుగా వంటింట్లో ఒకటి, వసారాలో ఒకటి ఉండదు. ఈ మాట మా స్టాఫ్ రూములో అంటే ముగ్గురు టీచర్లు నా మీద ఎగిరారు. అందులో ఇద్దరికి ఈ మధ్యే కోడళ్ళొచ్చారు.