వాల్పరైసోలో కొండలెక్కుడు

చిలీలో ఆఫీసు పని అయ్యాక ఒక వీకెండ్ ఖాళీగా దొరికింది, శాంటియాగోలో మాల్స్ చూస్తూ కూర్చోబుద్ధి కాక ఒక్కణ్ణే బస్సెక్కి వాల్పరైసో పోయాను, రెండు గంటల్లోపే దింపేశాడు. వైజాగ్‌వాడికి ఓడరేవు, కొండలు, సముద్రం కొత్తేం కాదు. కానీ అక్కడ ఊరు ఊరంతా కొండల మీదే, మెట్లెక్కితే మోకాళ్ల పని అయిపోతుంది!

అందుకే అసెన్సోర్లు పెట్టుకున్నారు. ఏటవాలు పట్టాల మీద రెండు పెట్టెలు, ఒకటి పైకి పోతుంటే దాని బరువుకి సాయంగా రెండోది కిందికి దిగుతుంది. నేనెక్కిన కన్సెప్సియోన్ అసెన్సోర్ 1883 నాటిది. కైలాసగిరి రోప్‌వే ఎక్కినోళ్లం, ఇదో లెక్కా అనుకున్నా గానీ, అది కిర్రుమని కదిలేసరికి పక్కనున్న కడ్డీ గట్టిగా పట్టేసుకున్నా.

పైన ముడతల రేకు తాపడం చేసిన ఇళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు, ఉప్పుగాలికి అంచులు తుప్పు పట్టి. 1914లో పనామా కాలువ తెరిచాక ఓడలు తగ్గి ఊరు చితికిపోయిందట, పాత పేట 2003లో యునెస్కో జాబితాకెక్కింది. చిలీ కవి పాబ్లో నెరూడా ఇల్లు లా సెబాస్టియానా కిటికీలోంచి రేవు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అది మాత్రం వదలొద్దు. తిండి చప్పగా ఉంటుంది, పచ్చడి ప్యాకెట్ పట్టుకెళ్లండి. చీకటి పడ్డాక రేవు వైపు ఒంటరిగా తిరక్కండి, ఫోన్ జేబులోనే ఉంచుకోండి.