ఉప్పు, గ్రీజు, ఆదివారం

ఆదివారం. రోహిణీ కార్తె ఎండ. కొట్టు మూసినా పని మాత్రం ఇంటికే నడిచొచ్చింది.

కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి గాలం రాడ్డుకి దారం చుట్టే రీళ్లతో ఏం పని అని కొత్తవాళ్లెవరైనా అడగొచ్చు. కావలిలో నన్నెరిగినవాళ్లు అడగరు. పళ్లచక్రాలు, స్ప్రింగులు, చుట్టుకునే దారం, ఆ దారాన్ని బిగువులో ఉంచే మర. రెండింట్లోనూ ఇవే కదా. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. పడవలెక్కే కుర్రాళ్లు కొందరు రాడ్లు పట్టుకుని తుమ్మలపెంట ఒడ్డునో, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గరో నిలబడతారు. ఏడాదంతా అటక మీద పడున్న రీళ్లు అప్పుడు కిందికి దిగుతాయి, దిగీ దిగగానే మొరాయిస్తాయి.

పొద్దున మా ఆవిడ అన్న కొడుకు సంచీ పట్టుకుని వచ్చాడు. తనదొకటి, స్నేహితులవి మరికొన్ని.

"మామా, నాది గరగరమంటుండాది. బేరింగులు పోయుంటాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశా."

"ఎవురు చెప్పారు?"

"వీడియోలో చెప్పారు."

ఉత్తగా హ్యాండిల్ తిప్పి చూశా. చప్పుడే లేదు. దారం కొస వాణ్ణి పట్టుకోమని బిగువు మీద చుడితే మాత్రం గరగర. ఉత్తప్పుడు రాని మోత దారం మీద బరువు పడ్డాకే వస్తోందంటే ముందు చూడాల్సింది దారాన్ని చుట్ట మీదికి మళ్లించే బెయిల్ కమ్మీ చివర ఉండే చిన్న రోలర్‌ని. గోటితో తోశా, కదల్లేదు. అది తిరక్కపోతే దారం దాని మీద రాసుకుంటూ పోతుంది, మెలిపడుతుంది, నూగు లేస్తుంది. ఒక్క స్క్రూ విప్పితే ఊడొచ్చింది. లోపలంతా తెల్లటి ఉప్పు పొర, అంచున పచ్చగా చిలుము. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే కాగితం మీద పేర్చా. ఒకటి అటూ ఇటూ అయితే రోలర్ మళ్లీ బిగుసుకుంటుంది.

మావాడు పెట్రోలు సీసా అందించబోయాడు. అందరూ చేసేది అదే. గ్రీజు పెట్రోల్లో కరుగుతుంది గానీ ఉప్పు కరిగేది మంచినీళ్లలో. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి నానేశా, పాత పళ్ల బ్రష్షుతో తోమా, బాగా ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. వేలితో తడితే గిర్రున తిరిగింది.

"మరి ఆ బేరింగులేం చేసేది?"

"దాచుకో. ఎప్పటికైనా పోతాయి గదా."

రెండోది ఖరీదైన రీలే, దాని ఖర్మ కొద్దీ ఎవరో బాగుచేశారు. హ్యాండిల్ ముందుకీ తిరుగుతోంది, వెనక్కీ తిరుగుతోంది. చేప లాగినప్పుడల్లా వేళ్ల మీద కొడుతుందట. దారం చుట్ట చుట్టూ తిరిగే రోటర్ తీసి చూస్తే బండ్లకి వాడే గ్రీజు మెత్తి పెట్టున్నారు. వెనక్కి తిరక్కుండా ఆపేది లోపలి ఒంటివైపు బేరింగు. అందులో సన్నటి రోలర్లు, వాటిని తోసే చిట్టి స్ప్రింగులు ఉంటాయి. వెనక్కి తిప్పగానే ఆ రోలర్లు ఇరుకు వైపు జరిగి బిగుసుకోవాలి. ఆ చిక్కటి గ్రీజులో అవెక్కడ జరుగుతాయి? దీనికి మాత్రం పెట్రోలే మందు. కడిగి, ఆరనిచ్చి, నూనె తగిలీ తగలనట్టు రాసి బిగించేసరికి హ్యాండిల్ కట్టేసినట్టు ఆగింది. గ్రీజు పళ్లచక్రాలకి పుయ్యాలి, ఈ బేరింగుకి కాదు. చప్పుడైన ప్రతిచోటా గ్రీజు కుక్కే జబ్బు మనవాళ్లకి ఎప్పుడు వదులుతుందో.

అన్నం తిన్నాక ఇంకొకటి. దానిది డ్రాగ్ గొడవ, అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువు మీద జారనిచ్చే భాగం. దారం సాఫీగా జారాల్సింది పోయి ఆగి ఆగి పోతోంది. పండుగొప్ప లాంటి మొండిచేప పడితే ఆగిన చోటే తెగుతుంది. డ్రాగ్ నాబ్ బిగించి బిగించినట్టే ఏడాది పాటు వదిలేస్తే లోపలి ఫెల్ట్ వాషర్లు నలిగి అట్టలైపోక ఏమవుతాయి? కుట్టుమిషన్లో దారపు ఉండ కింద వేసే ఫెల్ట్ బిళ్ల కొలతకి కత్తిరించి, డ్రాగ్ గ్రీజులో బాగా తడిపి వేశా. అసలు వాషర్లు వచ్చేదాకానే ఇది అని చెప్పే ఇచ్చా. ఇంటికి రాగానే నాబ్ బిగించి పైపైన మంచినీళ్లు చిలకరించాలి, తుడిచి ఆరాక నాబ్ వదులు చెయ్యాలి. పైపు పెట్టి జోరుగా కొడితే పైనున్న ఉప్పంతా నీళ్లతో పాటు లోపలికి దూరుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా పైపే పడతారు.

ఆఖరుది నా వల్ల కాలేదు. దారం విసిరేటప్పుడు తెరిచిన బెయిల్ కమ్మీని మళ్లీ మూసే స్ప్రింగు విరిగింది. తీగ వంచి చేసివ్వమన్నాడు. ఆ వంపు, ఆ బిగువు చేత్తో రావు, రెండ్రోజుల్లో మళ్లీ విరుగుతుంది, అందుకే చెయ్యనన్నా.

"అప్పటిదాకా ఎట్టా మామా?"

"బెయిల్‌ని చేత్తో మూసుకోమను. స్ప్రింగు వచ్చాక కూడా చేత్తోనే మూసుకోమను. హ్యాండిల్ తిప్పి టప్‌మని పడేస్తా ఉంటే అదే ముందు విరిగేది. చేత్తో మూసి దారం ఓసారి లాగితే స్పూల్ మీద వదులు ఉచ్చులు కూడా పడవు."

"అది నాకు చెప్పు మామా. వాడికి చెప్తే వింటాడా?"

మా ఆవిడ లోపల్నించి డబ్బులు తీసుకున్నావా అని అరిచింది. వాడప్పటికే బండి తీశాడు.