మా మామ్మగారి జుల్బీనా గింజలు

నేనుండేది మాల్టాలో, మధ్యధరా సముద్రంలో చిన్న దీవి దేశం. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి కింద ఇంట్లో ఉండే మా ఓనర్ మామ్మగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో చిన్న కాగితం పొట్లం. "ఈసారి నీది నువ్వే పెట్టుకో, నీళ్ళు మాత్రం మర్చిపోకు" అని నా చేతిలో పెట్టేసి లోపలికెళ్ళిపోయారు. విప్పి చూస్తే గుప్పెడు జుల్బీనా గింజలు. అంటే క్రిస్మస్ ఇంకో ఐదు వారాలే ఉందన్నమాట!

జుల్బీనా అంటే బఠాణీ జాతికి చెందిన చిన్న గింజలు. పళ్ళెంలో దూది పరిచి, తడిపి, దానిమీద ఇవి చల్లి, వెలుతురు అస్సలు తగలని అలమరాలో పెట్టేస్తారు. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు చిలకరించాలి. ఎండ లేదు కాబట్టి మొలకలు పచ్చగా అవ్వవు, తెల్లగా సన్నగా పొడుగ్గా ముసలమ్మ జుట్టులా పెరుగుతాయి. క్రిస్మస్‌కి వాటిని తీసి బాల యేసు బొమ్మ పక్కన పెడతారు, ఇళ్ళలో కట్టే ప్రెసెప్యు దగ్గర, అంటే పశువుల పాక బొమ్మల కొలువు. మొదటిసారి చూసినప్పుడు నాకు పెళ్ళిళ్ళలో పోసే పాలికలే గుర్తొచ్చాయి, మూకుడులో మట్టి, నవధాన్యాలు, రోజూ నీళ్ళు. మాల్టాలో ఇది కనపడుతుందని నేను ఊహించలేదు, చాలాసేపు ఆ పళ్ళెం దగ్గరే నిలబడిపోయా.

ఇంకో విషయం, ఈవిడని నేను మామ్మగారూ అంటాను గానీ వాళ్ళ మనవలు పిలిచేది "నన్నా" అని. మాల్టీస్‌లో నన్నా అంటే అమ్మమ్మ లేదా నానమ్మ, తాతయ్య అయితే "నన్ను". కొత్తలో పిల్లలు మెట్లమీద నుంచి నన్నా నన్నా అని అరుస్తుంటే ఎవరి నాన్న వచ్చారా అని తలుపు తీసి చూసేదాన్ని.

నేను ఈ మోస్తా అనే ఊళ్ళో దిగింది ఆగస్టులో. రెండో రోజో మూడో రోజో పొద్దున్నే ఎనిమిదింటికి ఢామ్మని ఒక పేలుడు, దాని వెనకే ఇంకోటి, కిటికీ అద్దాలు గజగజలాడాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా కిందకి పరిగెత్తా. మామ్మగారు నవ్వుతూ నన్ను కుర్చీలో కూర్చోపెట్టి నీళ్ళిచ్చి "సాంతా మరీయా వస్తోంది" అన్నారు, అంటే మరియమ్మ పండగ, ఆగస్టు 15. ఇక్కడ వేసవిలో ఏదో ఒక ఊళ్ళో ఫెస్తా నడుస్తూనే ఉంటుంది. ఊరి చర్చికి ఒక పునీతుడో పునీతురాలో ఉంటారు, వాళ్ళ పండగే ఊరి పండగ. ఆగస్టు 15 మాత్రం మోస్తాతో పాటు అట్టార్డ్, గూదియా, క్రెందీ, ఇంకా కొన్ని ఊళ్ళు, పక్క దీవి గోజోలో విక్టోరియా, అన్నిట్లో ఒకేసారి వస్తుంది, ఆ వారమంతా సగం దేశం సెలవులోనే ఉంటుంది.

వారం ముందు నుంచే వీధుల నిండా జెండాలు, గుడ్డ తోరణాలు, చర్చి గోపురానికి బల్బులు, లోపల గోడలకి ఎర్ర పట్టు గుడ్డలు. సాయంత్రం బ్యాండు మేళం బయల్దేరితే బాల్కనీల మీద నుంచి రంగు కాగితం ముక్కలు కుమ్మరిస్తారు, రోడ్డు కనపడదు. పండగ రోజు విగ్రహాన్ని భుజాల మీద మోసుకొస్తారు. చూడగానే వాహన సేవ గుర్తొచ్చింది, అడుగులు అచ్చం అలాగే, ఊగుతూ, అందరూ ఒకే లయలో, మధ్యలో ఆగినప్పుడు కింద చీలిక కర్రలు ఆనించి భుజాలు మార్చుకుంటారు. మోసేవాళ్ళ మెడల మీద చెమట, పక్కన నడిచే వాళ్ళ భార్యల కళ్ళలో నీళ్ళు. బండ్లమీద కుబ్బైట్ అనే నువ్వులు బాదం గట్టి మిఠాయి, ఖర్జూరం పెట్టి నూనెలో వేయించిన ఇమ్‌ఖారెట్, ఆ వాసనకి ఆకలి లేనివాళ్ళకి కూడా ఆకలేస్తుంది.

బాణసంచాలో నాకు ఆకాశంలో పేలేవాటికన్నా జిగ్గిఫోగు ఇష్టం. నేలమీద ఎత్తైన కర్రలకి బిగించిన చక్రాలు, ఒకదానిలో నుంచి ఇంకోటి విచ్చుకుంటూ, రంగులు మారుతూ తిరుగుతాయి, మన విష్ణుచక్రాన్ని పది రెట్లు చేసి గేర్లు బిగించినట్టు. వీటిని తయారుచేసేది జీతం తీసుకునే వాళ్ళు కాదు, ఉద్యోగాలు అయ్యాక సాయంత్రాలు వెళ్ళి ఏడాదంతా చేసే ఊరివాళ్ళే. ఆ షెడ్లలో ప్రమాదాలు జరిగి మనుషులు పోయిన ఏళ్ళు కూడా ఉన్నాయి, అందుకే మామ్మగారు మొదటి పేలుడు వినగానే శిలువ గుర్తు వేసుకుంటారు. మాల్టా ఊళ్ళ ఫెస్తాని 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, నాకైతే ఎంత ఆనందమేసిందో.

సాంతా మరీయాకి ఇంకో కథ కూడా ఉంది. 1942లో యుద్ధం మధ్యలో దీవి చుట్టూ ముట్టడి, తిండి, చమురు అయిపోవచ్చాయి. బ్రిటన్ నుంచి 14 సరుకు ఓడలు బయల్దేరితే చేరినవి ఐదే. ఆఖరిది ఒహాయో అనే చమురు ఓడ, ఇంజిన్లు ఆగిపోయి మునిగేలా ఉంటే రెండు పక్కలా యుద్ధనౌకలు కట్టి లాక్కొచ్చారు, అది రేవులోకి వచ్చింది సరిగ్గా ఆగస్టు 15న. అందుకే దాన్ని ఇక్కడ సాంతా మరీయా కాన్వాయ్ అనే అంటారు. మామ్మగారి వాళ్ళ అమ్మ ఆ రోజు కథ చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏడ్చేదట. అదే ఏడాది ఏప్రిల్ 9న మా మోస్తా చర్చి గోపురంలో నుంచి బాంబు దూసుకొచ్చి పడింది, లోపల పూజకి వచ్చిన జనం ఉన్నారు, అది పేలలేదు. అలాంటి ఊళ్ళో పండగ ఎందుకంత గట్టిగా చేస్తారో ఇది విన్నాకే నాకర్థమైంది.

మిగతా ఏడాది తినేవాటితో గుర్తుపడతా. బేకరీలో క్వారెజిమాల్ అనే తీపి వచ్చిందంటే ఈస్టర్ ముందు ఉపవాసాల లెంట్ రోజులు, గుడ్డు వెన్న లేకుండా బాదంతో చేస్తారు, పైన తేనె. ఫిగొల్లి కనపడితే ఈస్టర్, చేపలా గొర్రెపిల్లలా కోసిన పిండి మధ్యలో బాదం ముద్ద. బిర్గు అనే ఊళ్ళో ఈస్టర్ రోజు లేచిన క్రీస్తు విగ్రహాన్ని మోసేవాళ్ళు ఒక్కసారిగా పరుగు అందుకుంటారు, నా పక్కన ఒక పాప తన ఫిగొల్లాని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది, దీవెన తగలాలని. జూన్ 29న ఇమ్‌నార్యా, అంటే పీటర్, పాల్ పునీతుల పండగ, ముందు రాత్రి బుస్కెట్ తోటలో కుందేలు వేపుడు, పాటలు. ఏటా భార్యని ఆ జాతరకి తీసుకెళ్తానని ఒకప్పుడు పెళ్ళి ఒప్పందంలోనే రాయించుకునేవాళ్ళట, ఆ షరతు నాకు తెగ నచ్చింది.

రాత్రి స్టీలు పళ్ళెంలో దూది పరిచి గింజలు చల్లి అలమరా కింది అరలో పెట్టా. పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి తలుపు తీసి చూశా. మామ్మగారికి చెప్తే "తీయకు, వెలుతురు పడితే పచ్చబడతాయి" అని గట్టిగా మందలించారు. మొలకలు ఇంకా రాలేదు, గింజలు మాత్రం కాస్త ఉబ్బాయి.