జిప్సీ ముందు యాక్సిల్: నేను చేసే పని, మేస్త్రీకి ఇచ్చే పని

ముందు చక్రాల పని ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మొదటిసారి మిగలదు. హబ్ (చక్రం మధ్యభాగం) నట్టుకి పట్టే పెద్ద బాక్స్ పానా, టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయరు, రెండు గట్టి స్టాండ్లు కొనేసరికి మేస్త్రీ అడిగే లేబర్ దాటిపోతుంది. అయినా మా బండి కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) బేరింగులు, నకిల్ సీళ్లు, హబ్ బేరింగులు నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. ఆ పనికి కావలసిన తీరిక మేస్త్రీ దగ్గర ఉండదు, నా దగ్గర ఉంది. అసలు సంగతి అదే.

మాది నర్సీపట్నం దగ్గర జీడితోట. బండి 1.3 లీటర్ పెట్రోల్ మారుతి జిప్సీ, ఫోర్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తోటకి పోయే దారిలో వాగు ఉంది. వానాకాలమంతా ఆ వాగులోంచే రాకపోకలు. నెలకోసారైనా లంబసింగి ఘాటెక్కి చింతపల్లిలో ఉన్న అక్కావాళ్లింటికి పోతాం. కాబట్టి మా బండి ముందు యాక్సిల్, అంటే రెండు ముందు చక్రాల మధ్య ఇరుసు, నీళ్లు, బురద, రాళ్లు, మలుపులు అన్నీ చూస్తుంది.

జిప్సీ మన రోడ్ల మీదికి వచ్చింది 1985లో. మామూలు కొనుగోలుదారులకి అమ్మకం ఆగింది 2019లో. ఇన్నేళ్లలో ఇంజను పెద్దదైంది, కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. కింద మాత్రం ముందూ వెనకా నిండు యాక్సిళ్లే, నాలుగు వైపులా కమాను పట్టీలే. ముందు యాక్సిల్ రెండు చివర్లా ఇనుప గోళాలు ఉంటాయి. ఒక్కో గోళాన్ని కప్పుతూ నకిల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే తొడుగు), ఆ నకిల్‌ని పైనొకటి కిందొకటి పట్టుకుని కింగ్ పిన్నులు, ఒక్కో పిన్నుకీ ఒక చిన్న టేపర్ బేరింగు. గోళం లోపల సీవీ జాయింటు (చక్రం పక్కకి తిరిగినా ఇంజను శక్తిని అందించే కీలు) గ్రీజులో మునిగి తిరుగుతుంది. బయట ఫెల్టు, రబ్బరు సీలు గోళాన్ని తుడుస్తూ దుమ్మునీ నీళ్లనీ ఆపుతాయి. చూడ్డానికి మోటుగా ఉన్నా విప్పి అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన ఏర్పాటు నేను చూడలేదు. ఈ తరం బళ్లలో ముందు వైపు అంత సులభంగా అంతుపట్టదు.

నన్ను ఈ పనిలోకి దింపింది స్టీరింగ్ ఊపు. అరవై దాటాక ఏ చిన్న గుంత తగిలినా స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకునేది. స్పీడు బాగా తగ్గిస్తే గానీ ఆగేది కాదు. వైజాగ్‌లో ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే కొత్త స్టీరింగ్ డాంపర్ వేసి పంపారు. కొన్నాళ్లు బాగానే ఉంది. వానలు మొదలయ్యేసరికి మళ్లీ అదే ఊపు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. డాంపర్ ఊపుని మింగుతుంది, అంతే. ఊపు పుట్టే చోటు అలాగే అరుగుతూ ఉంటుంది. ఊపు తెలియడం లేదు కాబట్టి బండి బాగైందనుకుని మనం ఘాటు దిగుతాం. లోపల వదులు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. జిప్సీకైనా పాత జీపుకైనా స్టీరింగ్ ఊగితే డాంపర్ జోలికి ఆఖర్న పోవాలి. ముందు టైర్లలో గాలి, బ్యాలెన్సింగు. తర్వాత హబ్ బేరింగు, కింగ్ పిన్ను, టై రాడ్ ఎండ్లు (రెండు చక్రాలనీ కలిపి తిప్పే కడ్డీ చివరి కీళ్లు), కమాను బుష్షులు.

ఇది చూసుకోవడానికి ఏ మేస్త్రీ అక్కర్లేదు. ముందు చక్రం గాల్లోకి లేపి స్టాండు మీద పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ప్లే, అంటే వదులు, తగిలితే ఇంట్లో ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ప్లే పోయిందంటే హబ్ బేరింగు వదులు. అయినా పోలేదంటే కింగ్ పిన్ను. తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. దీనికి పావుగంట చాలు. వర్క్‌షాప్‌కి పోయే ముందు ఈ పావుగంట పెడితే ఏం అడగాలో తెలిసి పోతాం. ‘స్టీరింగ్ ఊగుతోంది’ అని చెప్పడానికీ, ‘ఎడమ కింగ్ పిన్ను వదులుగా ఉంది, విప్పి చూడండి’ అని చెప్పడానికీ బిల్లులో చాలా తేడా ఉంటుంది.

మా బండికి రెండు వైపులా కింగ్ పిన్నులే. విప్పితే నకిల్ లోపల ఉండాల్సిన చిక్కటి గ్రీజు లేదు. నల్లగా, చారులా పలచగా ఏదో కారింది. యాక్సిల్ లోపలి ఆయిల్ సీలు పోయి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె) లోని గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించేసింది. ఇది బయటికి కనిపించే జబ్బు కాదు. చక్రం లోపలి వైపు తడి మరకలుంటే అనుమానించాలి, అంతే. ఆ సీలు మార్చకుండా ఎన్ని కొత్త బేరింగులు వేసినా మళ్లీ అదే కథ.

కింగ్ పిన్ బేరింగు కప్పులు (రోలర్లు ఆనే బయటి రింగులు) తీసి గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి చూశాను. రోలర్లు కూర్చున్న చోట వరసగా సన్నటి గాట్లు. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కదా, రోలర్లు ఆ ఒక్క చోటే ఉండి రోడ్డు దెబ్బలన్నీ అక్కడే తింటాయి. అందుకే స్టీరింగ్ సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు గాట్లో పడ్డట్టు ఆగుతుంది. ఆ చిన్న పట్టు చాలాకాలంగా నా చేతికి తెలుస్తూనే ఉంది. దాని కారణం కళ్లారా చూసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

ఇక కడగడం. ఈ పనిలో సగం పైగా కడగడమే. గోళం మీద గట్టిపడిన పాత గ్రీజు, తుప్పు, ఇసుక. డీజిల్, బ్రష్షు, పాత చీర ముక్కలు. గోళం మీద తుప్పు గరుకు మిగిలితే కొత్త సీలు దాని మీద రుద్దుకుని త్వరలోనే చిరుగుతుంది. కాబట్టి సన్నటి ఎమరీ పేపరుతో వేలికి నున్నగా తగిలేదాకా రుద్దాలి. తర్వాత కొత్త కప్పులు కూర్చోబెట్టాలి. ఇత్తడి కడ్డీ పెట్టి చుట్టూ సమంగా, మెల్లగా కొట్టుకుంటూ పోతే ఒక దశలో శబ్దం మారుతుంది. బోలుగా వినిపించేది ఒక్కసారిగా గట్టిగా ఖణేల్మంటుంది. కప్పు అడుగుకి ఆనిందని అర్థం. రోలర్లలోకి గ్రీజు అరచేతిలో పెట్టి ఒత్తుతూ ఎక్కించాలి. పైపైన పూస్తే లోపలికి పోదు.

అన్నిటికన్నా ఓపిక పట్టేది షిమ్‌లు. కింగ్ పిన్ను కింద పల్చటి రేకులుంటాయి. అవి తగ్గిస్తే బేరింగు బిగుస్తుంది, పెంచితే వదులవుతుంది. ఆ బిగువుని చేత్తో ఊహించకూడదు, కొలవాలి. సీలు బిగించకముందే నకిల్ ఆర్మ్‌కి టై రాడ్ పట్టే రంధ్రంలో స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి లాగి, నకిల్ కదలడం మొదలైనప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి. మాన్యువల్లో ఇచ్చిన హద్దుల్లోకి వచ్చేదాకా నాలుగు బోల్టులూ విప్పడం, రేకు మార్చడం, మళ్లీ బిగించడం. రెండు వైపులా ఇదే తతంగం. ఊపు పోయేది ఇక్కడే. ఇక్కడ తొందరపడితే పైన చేసిన పనంతా వృథా.

ఈ కొలత పని, కడిగే పని చాలా వర్క్‌షాపుల్లో ఎందుకు జరగవో నాకు తర్వాత అర్థమైంది. మా ఊరి మేస్త్రీ ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. పాత జీపులు, ట్రాక్టర్ల మధ్యే ఆయన జీవితం గడిచింది. నేను కడిగి పెట్టిన నకిల్ చూసి, ‘ఇంత కడగడం నాకు కుదరదమ్మా. బయట నలుగురి బళ్లు నిలబడి ఉంటాయి. కడిగినందుకు ఎవరిస్తారు డబ్బులు?’ అన్నారు. నిజమే. మేస్త్రీకి లేబర్ బేరింగు మార్చినందుకు వస్తుంది. గోళం నున్నగా రుద్దినందుకు రాదు. అందులో ఆయన తప్పేమీ లేదు. కడగడానికి పట్టే ఆ పూటకి మనమే విలువ కట్టడం లేదు. కాబట్టి తీరిక కావలసిన పనులు నావి. బలం, యంత్రం, ఏళ్ల అనుభవం కావలసినవి ఆయనవి.

కమాను బుష్షులు నేను ముట్టుకోను. ప్రెస్సు ఉన్నచోట పది నిమిషాల్లో అయ్యేదాన్ని ఇంట్లో సుత్తితో చేస్తే కమాను కన్ను పాడవుతుంది. వెల్డింగు, లేత్ పని సరేసరి. స్టీరింగ్ బాక్సూ అంతే. చివర్లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం అలైన్‌మెంట్ మెషీను మీదే పెట్టిస్తాను. ఈ యాక్సిల్‌కి క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం), కాస్టర్ (కింగ్ పిన్ను ముందుకో వెనక్కో వాలే కోణం) మనం తిప్పి సర్దేవి కావు, టో ఒక్కటే టై రాడ్‌తో సర్దుకునేది. ఇంకో మాట: ఎత్తు కోసం ముందు షాకిళ్లు (కమాను చివరని బండికి కలిపే ఊగే పట్టీలు) పొడవైనవి వేయించుకునే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. దాంతో కాస్టర్ మారిపోతుంది, ఉన్న ఊపు ఇంకా ముదరవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

పని అయ్యాక బండిని బాబాయ్‌కి ఇచ్చి ఘాటు మొదటి మలుపుల దాకా నడిపించమంటాను. ఆయన కిటికీ దించి, రేడియో ఆపేసి, చెవి పెట్టి నడుపుతారు. తిరిగొచ్చి చక్రాల మధ్యభాగం మీద చెయ్యి పెట్టి వేడి చూస్తారు. ఒక వైపు ఎక్కువ వేడెక్కితే ఆ బేరింగు మరీ బిగిసిందని లెక్క. దీనికి నేను డబ్బులిస్తాను. మొదట్లో ‘చూసినందుకు డబ్బులేంటమ్మా’ అని తీసుకునేవారు కాదు. నట్టు తిప్పినందుకు ఇచ్చేవాళ్లం చెవికీ చేతికీ ఎందుకివ్వం? పట్టుబట్టి ఇస్తున్నాను. ఆయన వినికిడి నాకు ఏ మాన్యువల్లోనూ దొరకదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే రెండు విషయాల్లో నేను రాజీపడను. ఒకటి, చదునైన కాంక్రీటు నేల, మంచి స్టాండ్లు లేకపోతే చక్రం విప్పొద్దు. జాకీని నమ్మి బండి కింద తల పెట్టొద్దు. రెండు, బ్రేకు క్యాలిపర్‌ని పైపు మీద వేలాడదీయకుండా తీగతో కట్టి పెట్టాలి, హబ్ నట్టు బిగించాక లాక్ వాషర్ చెవి మడిచారో లేదో ఇంకొకరి చేత చూపించుకోవాలి. సోమవారం పొద్దున్నే బండి తప్పనిసరిగా కావాలంటే ఆదివారం ఈ పని మొదలుపెట్టకండి. అలాంటి వారమైతే మేస్త్రీ దగ్గరికే పోవాలి.

వాగులు దాటేవాళ్లకి: చాలాదూరం నడిచిన వెంటనే బండిని నీళ్లలో దింపకండి, కాసేపు ఆపండి. వేడి హబ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి నీళ్లని లాగుతుంది. వానాకాలం అయ్యాక ఒక హబ్ విప్పి గ్రీజు రంగు చూడండి. పాలు కలిసినట్టు తెల్లబడితే నీళ్లు పోయాయి, మొత్తం తీసి కొత్తది ఎక్కించాల్సిందే.

ప్రస్తుతం మా బండి ముందు డిఫరెన్షియల్లో ఫోర్ వీల్ వేసినప్పుడు సన్నగా ఏడుపు వినిపిస్తోంది. క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల మధ్య ఉండాల్సిన సందు డయల్ గేజ్‌తో పెట్టాలి, పళ్ల మీద రంగు పూసి ఎక్కడ తాకుతున్నాయో చూడాలి. అది బాబాయ్ పని. నేను ఆయిల్ దించి, హబ్బులు విప్పి, యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగి, అన్నీ కడిగి ఇస్తానన్నాను. దీపావళి అయ్యాక మొదలుపెడదాం అన్నారు.