22 మిల్లీమీటర్ల మచ్చ

నిటారు దిగుడులో పడలేదు. రాళ్ల మీదా పడలేదు. అవన్నీ దాటేసి, ట్రైల్, అంటే మౌంటెన్ బైకులు తొక్కే మట్టిదారి, ఇంకో రెండు వందల మీటర్లలో అయిపోతుందనగా, మనిషి పరుగెత్తేంత వేగంలో, ఒక మామూలు ఎడమ మలుపులో పడ్డాను. నేల బయటికి వాలుగా ఉంది. తడిసిన చెట్టు వేరొకటి అడ్డంగా ఉంది. సైకిల్ వంచి ఉన్నప్పుడే ముందు బ్రేకు నొక్కాను. చక్రం జారి ఎడమకి ముడుచుకుపోయింది. అలా ముడుచుకున్నప్పుడు హ్యాండిల్‌బార్ ఎడమ కొస సరిగ్గా పొట్టకేసి తిరుగుతుంది. నా 74 కిలోల బరువూ ఆ కొస మీద పడింది.

జెర్సీ ఎత్తి చూస్తే ఎడమ పక్కటెముకల అంచు కింద ఎర్రటి వలయం, సీలు గుద్దినట్టు. చర్మం తెగలేదు, రక్తం చుక్క లేదు. వెనకాలే వస్తున్న మా అమ్మాయి, పదకొండేళ్లది, వంగి చూసి "నాన్నా, సున్నా పడింది" అంది.

ఐదు నెలలైంది. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి రాయగలుగుతున్నాను. శని ఆదివారాలు పిల్లల్ని, స్నేహితుల్ని వెంటేసుకుని ట్రైల్స్‌కి వెళ్లే ప్రతివాళ్లకీ ఆ సున్నా అంటే ఏమిటో తెలియాలి.

మౌంటెన్ బైక్ హ్యాండిల్‌బార్ కొసల దగ్గర బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు. లోపల బోలు. అందుకే రెండు కొసలకీ మూతలుంటాయి, బార్ ఎండ్ ప్లగ్ అంటాం. మూత ఉంటే దెబ్బ కొంచెం వెడల్పున పరుచుకుంటుంది. లేకపోతే పల్చటి అల్యూమినియం అంచు ఒక్కటే ఒంటికి తగులుతుంది, పిండిలో గుండ్రంగా కోసే అచ్చులాగా. నా బార్‌కి ఎడమవైపు మూత మూడు వారాల నుంచీ లేదు. ఊడి ఎక్కడో పడిపోయింది. నాకు తెలుసు. గ్రిప్ చివరి రబ్బరు కూడా అరిగి చిరిగింది, లోహం బయటికి కనబడుతోంది. చైన్‌కి నూనె వేశాను, టైర్లో చిల్లులు పూడ్చే సీలెంట్ నింపాను, ఆ మూత మాత్రం వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను.

మా బావమరిది పరుగెత్తుకొచ్చి "బావా, లేవకు, ఒక్క నిమిషం అలాగే ఉండు" అన్నాడు. ఆ మాట వినుంటే బాగుండేది. ఊపిరి అందగానే లేచి, మిగిలిన దారంతా తొక్కుకుంటూనే వచ్చాను. పొట్టకి బార్ తగిలాక తొక్కకూడదు. కూర్చోవాలి, నాడి లెక్కపెట్టుకోవాలి, పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారి ఎక్కువ వచ్చినా, పొట్ట బిగుసుకుంటున్నా, నిలబడితే కళ్లు తిరిగినా, సైకిల్ అక్కడే వదిలేసి మనిషిని పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి తగ్గినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

దారిలో ఉన్న ఆసుపత్రిలో ఆగాం. డ్యూటీలో ఉన్న డాక్టరు వలయం చూశాడు. చేత్తో పొట్ట తడిమి చూడలేదు. నాడి లెక్కపెట్టలేదు. "సైకిల్ మీంచి పడ్డదానికి ఇంత హడావుడా? తోలు కూడా తెగలేదు. కండరం పట్టేసింది, అంతే" అన్నాడు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఒకటి చేయించి, అవే మాత్రలు రాసి పంపేశాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా దవడ బిగుసుకుంటోంది.

ఆ మాటలో తప్పెక్కడుందో తర్వాత నన్ను కాపాడిన సర్జన్ బొమ్మ గీసి చూపించారు. ప్లీహం, స్ప్లీన్ అంటారే, అది పిడికిలంత ఉంటుంది. ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల చాటున ఉంటుంది. మెత్తటి స్పాంజిలాంటిది, పైన పల్చటి పొర. గుండె పంపే రక్తంలో సుమారు 5 శాతం దాంట్లోంచి పోతుంది. గట్టి దెబ్బ తగిలితే లోపల చిట్లినా పొర కాసేపు ఆపుతుంది. రక్తం పొర కింద చేరుతూ ఉంటుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బాగానే ఉన్నానంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి కొన్ని రోజుల తర్వాత, పొర తెగుతుంది. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడతాయి. లోపల రక్తస్రావం లేదని తేలకుండా పొట్ట దెబ్బకి వాటిని వేసుకోకూడదు. నాకు సరిగ్గా అదే ఇచ్చారు.

ఆ రాత్రి.

తొమ్మిదింటికి ఎడమ భుజం నొప్పి మొదలైంది. భుజం చివర, ఎముక కొసన, లోపలెక్కడో గునపం పెట్టి తిప్పుతున్నట్టు. చెయ్యి ఎత్తితే మామూలుగానే లేస్తోంది. భుజం నొక్కితే నొప్పి లేదు. పడుకుంటే మాత్రం పెరుగుతోంది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుంటే తగ్గుతోంది. బెణికిందనుకుని మా ఆవిడ చేత మర్దన చేయించుకున్నాను. పదకొండింటికి ఒళ్లంతా చెమట, కాళ్లు చల్లబడ్డాయి. దాహం, ఎంత తాగినా దాహం. మాత్ర పనిచేసి చెమటలు పడుతున్నాయని సర్దిచెప్పుకున్నాను. మనసు తనకి కావలసిన కారణం వెతుక్కుంటుంది.

ఒంటిగంట దాటాక మా అమ్మాయి నీళ్లకని లేచింది. నేను కూర్చుని ఉండటం చూసి గుమ్మంలో ఆగింది. "భుజం ఎందుకు నొప్పి నాన్నా? నువ్వు భుజం మీద పడలేదు కదా, నేను చూశాను" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ దగ్గరా లేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. "ఏమండీ, లేవండి, వెళ్దాం" అంది. లేచాను. రెండడుగులు వేశాను. గోడ పక్కకి జారింది, చెవుల్లో హోరు, తర్వాత చల్లటి నేల చెంపకి తగలడం గుర్తుంది. కళ్లు తెరిచేసరికి మా ఆవిడ నా కాళ్లు కుర్చీ మీదికి ఎత్తి పట్టుకుని, ఫోన్‌లో అంబులెన్స్ వాళ్లకి దారి చెబుతోంది. పిల్ల నా చెయ్యి వదల్లేదు. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఆ గుమ్మమే గుర్తొస్తుంది. నిద్ర చెడి లేచిన పిల్ల నోట ఆ ప్రశ్న ఊరికే రాలేదని గట్టిగా నమ్ముతున్నాను.

పొట్టలోకి కారిన రక్తం పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరాన్ని రేపుతుంది. దాని నరం మెడలోంచి వస్తుంది, భుజం చర్మానికి వెళ్లే నరాలూ అక్కడివే. అందుకని మెదడు ఆ నొప్పిని భుజానికి అంటగడుతుంది. పడుకున్నప్పుడు రక్తం పైకి పారుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ. దీన్ని డాక్టర్లు కెర్ లక్షణం అంటారు. పొట్టకి దెబ్బ తగిలి, భుజానికి ఏ దెబ్బా లేకుండా ఎడమ భుజం చివర నొప్పి వస్తే తెల్లారే దాకా ఆగకండి. నా మాట కాదు, ఇది ప్రాణం.

ఈసారి వేరే ఆసుపత్రి. క్యాజువాలిటీలో నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. పడుకుంటే 118. "కాస్త తల ఎత్తుతాను సార్" అని మంచం తల కొంచెం ఎత్తింది, 136. బీపీ 104/70. చూసేవాళ్లకి బీపీ బాగానే ఉన్నట్టుంటుంది. ఒంట్లో రక్తం 15 నుంచి 30 శాతం పోయినా బీపీ నిలబడే ఉండొచ్చు, ముందు పరుగెత్తేది నాడి. ఆవిడ మచ్చ గురించి అడగలేదు, చొక్కా పైకెత్తి తనే చూసింది. చూసి, నాతో ఏమీ అనకుండా, గట్టిగా డాక్టర్ని పిలిచింది. ఆవిడ పేరు కూడా అప్పుడు అడగలేకపోయాను. డిశ్చార్జి రోజు వెతికి పట్టుకుని దణ్ణం పెట్టాను.

తర్వాతదంతా చకచకా జరిగింది. అల్ట్రాసౌండ్‌లో పొట్టలో రక్తం, సీటీలో ప్లీహానికి 4వ గ్రేడు గాయం, అంటే తీవ్రమైనదే. మొదటి పరీక్షలో హీమోగ్లోబిన్ 11.2, తెల్లారేసరికి 8.4. (మొదట అంతగా పడనట్టు కనబడటం మామూలే. కణాలూ నీరూ కలిసే పోతాయి కనుక, ఆ అంకె పడటానికి టైం పడుతుంది.) గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, ప్లీహానికి వెళ్లే ధమనిలో లోహపు చుట్టలు పెట్టి రక్తం ఆపారు. కోత లేదు, ప్లీహం తీసెయ్యలేదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఎవరిచ్చారో తెలియదు. ఆ ఇద్దరూ చల్లగా ఉండాలి.

మళ్లీ కోపం ఎప్పుడొచ్చిందంటే, ఐసీయూలో మూడో రోజు. ఆ ఉదయమే ఎవరైనా చేత్తో పొట్ట నొక్కి చూసుంటే, ఒక్క స్కాన్ తీయించి ఉంటే, నా పిల్ల తన తండ్రి నేలమీద పడుండటం చూసేది కాదు.

కోలుకోవడం పడటం కన్నా కష్టం. మొదటి వారం జ్వరం, ఎడమవైపు ఊపిరితిత్తి కింద కాస్త నీరు. ఊపిరితిత్తులకి వ్యాయామమిచ్చే మూడు బంతుల గొట్టంతో గంటకి పదిసార్లు ఊపిరి లాగాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకి గట్టిగా హత్తుకోవాలి. ముక్కకూడదు, అందుకని మలబద్ధకం రాకుండా మందు. ఆరు వారాలు ఐదు కిలోలకి మించి ఎత్తలేదు. రెండో వారం నుంచి చదును నేల మీద నడక, ఎనిమిదో వారంలో డాక్టరు సరేనన్నాక కదలని సైకిల్ మీద 20 నిమిషాలు, సీటు మీంచి లేవకుండా. మూడు నెలలు నిండి, స్కాన్ మళ్లీ చూసేదాకా ట్రైల్ మాట లేదు. మీ గాయం గ్రేడును బట్టి ఈ లెక్కలు మారతాయి, మీ సర్జన్ చెప్పిందే వినండి. ప్లీహం తీసేయాల్సి వచ్చినవాళ్లు న్యుమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ అనే బ్యాక్టీరియాలకి వేసే టీకాల సంగతి తప్పక అడగాలి. వాళ్లకి ఇన్ఫెక్షన్లని ఆపే శక్తి తగ్గుతుంది కాబట్టి చిన్న జ్వరం కూడా చిన్నది కాదు.

ఆ ఖాళీలో సైకిల్ విప్పి కూర్చున్నాను. ఆ రోజు ముందు టైర్లో గాలి 35 పీఎస్‌ఐ. ట్రైల్ దాకా తారురోడ్డు మీద తేలిగ్గా వస్తుందని కొట్టి, దిగేముందు తగ్గించడం మర్చిపోయాను. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి నా బరువుకి ముందు 21, వెనక 24 సరిపోతుంది. 35 పెడితే టైరు వేరు మీద పరుచుకోదు, గోళీలా జారుతుంది. చిన్న డిజిటల్ గేజ్ ఇప్పుడు నా సంచిలోనే ఉంటుంది. పంపు మీది ముల్లు తక్కువ అంకెల దగ్గర నమ్మకంగా చూపించదు.

గ్రిప్పులు కొత్తవి వేశాను, చివర మూసి ఉండే, బోల్టుతో బిగించే లాక్-ఆన్ రకం. కానీ రబ్బరు మూతని నమ్మట్లేదు. లోపల ఆలన్ కీతో బిగిస్తే ఉబ్బి పట్టుకునే ప్లగ్గులు పెట్టాను, రెండువైపులా. నెట్టి పెట్టేవి రాయికో చెట్టుకో ఒక్కసారి రాసుకుంటే ఊడిపోతాయి. బార్ కొస కోయించినవాళ్లు అంచుని ఆకురాయితో నున్నగా చెయ్యాలి. హ్యాండిల్‌బార్‌ని పట్టి ఉంచే స్టెమ్ ముందు పలక బోల్టులు దాని మీద రాసి ఉన్నంతే, నాది 5 న్యూటన్ మీటర్ల బిగింపు, ఎక్స్ ఆకారంలో కొంచెం కొంచెంగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా బిగించాలి. పిల్లల సైకిళ్లు ముఖ్యంగా చూడండి. ప్రతిసారీ గోడకి ఆనించి, నేలమీద పడేసి వాళ్ల గ్రిప్ కొసలే ముందు చిరుగుతాయి. మా అమ్మాయి 24 అంగుళాల సైకిల్‌కి కుడివైపు లోహం అప్పటికే కనబడుతోంది. అది చూసినప్పుడు చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఛాతీకి, వెన్నుకి వేసుకునే కవచాలు చాలావాటిలో పొట్ట దగ్గర ఏమీ ఉండదు, వాటి భరోసా పెట్టుకోవద్దు.

గుంపుగా వెళ్లేటప్పుడు మా పద్ధతి మారింది. అందరికన్నా వెనక పెద్దవాళ్లు ఒకరు, ప్రతి చీలిక దగ్గరా ఆగి తలలు లెక్క. ఎవరైనా పడితే వాళ్లు "బాగానే ఉన్నా" అన్నా సరే, బార్ ఎక్కడ తగిలిందో చొక్కా ఎత్తి చూస్తాం. ఇంటికెళ్లాక రాత్రి వాళ్లింట్లోవాళ్లకి ఫోన్ చేసి రెండే అడుగుతాం: భుజం నొప్పి ఉందా, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా.

పదమూడో వారం ట్రైల్‌కి వెళ్లాను. ఆ మలుపు దగ్గర మా అమ్మాయిని నిలబెట్టి చూపించాను. వంగకముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు పని అయిపోవాలి. వేరు మీద రెండు బ్రేకులూ వదిలెయ్యాలి, చక్రం దాన్ని వీలైనంత అడ్డంగా దాటాలి, చూపు మలుపు ముగిసే చోట ఉండాలి. తను నాకన్నా ముందే, నున్నగా వెళ్లిపోయింది. నేను ఆ రోజు దిగి నడిపించుకుంటూ దాటాను. తర్వాతి ఆదివారం తొక్కాను.

ఆ మొదటి ఆసుపత్రికి ఉత్తరం రాశాను. డబ్బు అడగలేదు. పొట్ట దెబ్బతో వచ్చినవాళ్లకి నాడి లెక్కపెట్టి, చేత్తో నొక్కి చూడమని, ఆ రకం నొప్పి ఇంజెక్షన్ ముందే పొడవొద్దని రాశాను. జవాబు రాలేదు. ఈ వారం మళ్లీ రాస్తున్నాను, ఈసారి సీటీ రిపోర్టు కాపీ జతచేసి.